పేరు చెక్కిన డబ్బా

కిందటి వారం మీరు నన్ను వదిలి వెళ్లేసరికి నేను వంటింటి అర ముందు నిలబడి ఉన్నాను. చేతిలో నాది కాని స్టీలు డబ్బా ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు: నగ్మా.

అంతకు ముందు జరిగినది ఇంతే. నేను పాఠాలు చెప్పే మిషన్ బడికి క్రిస్మస్ సెలవులు ఇచ్చిన నాటి నుంచి నా భర్త ప్రకాష్ రోజూ మధ్యాహ్నం మూడింటికి పిల్లలిద్దరినీ బండి ఎక్కించుకొని వెళ్తున్నాడు. అయిదున్నరకు తిరిగి వస్తున్నాడు. ఎక్కడికని అడిగితే "ఊరికే, అలా తిప్పుకొస్తున్నాలే" అంటాడు. మార్టూరులో గ్రానైటు పలకలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషి, పండుగ నాడైనా సగం పూటే ఇంట్లో ఉండే మనిషి, ఈ ఏడు ఎవరూ అడగకుండానే పన్నెండు రోజులు సెలవు పెట్టాడు. పండుగ మర్నాడు అరిసెలున్న నా డబ్బా మాయమైంది. ఆ మరుసటి రోజు దాని చోట ఈ డబ్బా కూర్చుని ఉంది. లోపల నువ్వుండలు.

మా వైపు స్టీలు సామాను మీద పేరు చెక్కించకుండా వాడుకోరు. చర్చి ప్రేమవిందుల్లో గిన్నెలు తారుమారవుతాయని నేను నా వాటి మీద పేరుతో పాటు వీధి కూడా చెక్కించాను: హెలెన్ టీచర్, మిషన్ కాంపౌండ్ వెనుక వీధి. పేరున్న గిన్నె ఎటు వెళ్లినా ఇల్లు వెతుక్కుంటూ వస్తుందని, వచ్చేటప్పుడు వట్టిగా రాదని మా అత్తగారు ప్రేమమ్మ నమ్మకం. "పొయ్యి వెలగని ఇంటి నుంచే గిన్నె ఖాళీగా వచ్చేది, అమ్మాయ్" అంటుంది. కాబట్టి ఎక్కడో ఒక ఇంట్లో పొయ్యి బాగానే వెలుగుతోంది. నా అరిసెలు తిని, నువ్వుండలు చుట్టి పంపిన చేతులు అక్కడ ఉన్నాయి. ఆ చేతుల పేరు నాకు తెలుసు. అంతకు మించి తెలియదు.

మూడు రోజులు నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ మూడు రోజుల్లో అనుమానం గురించి ఒక సంగతి తెలుసుకున్నాను. అది కొత్త విషయాలను కనిపెట్టదు. ఎప్పటి నుంచో కళ్ల ముందు ఉన్నవాటినే తీసి, వేరే వరుసలో పేరుస్తుంది. ఆ వరుస ఎంత చక్కగా కుదురుతుందంటే, అది తప్పు కావడానికి వీలుంటుందన్న ఆలోచనే రాదు.

ఈ ఏడు క్రిస్మస్ ఆరాధనలో ప్రకాష్ పాడలేదు. కీర్తన చివరి చరణంలో పై స్థాయి అందుకొని నిలబెట్టేది ఎప్పుడూ అతని గొంతే. ఈసారి ఆ చరణాన్ని తనతో పాటు పాడే క్రీస్తుదాసుకు వదిలి, కంజిర పట్టుకొని వెనక వరుసలో కూర్చున్నాడు. నక్షత్రం కట్టడానికి డాబా ఎక్కలేదు. పక్కింటి బాపయ్యను పిలిచి కట్టించాడు. తల కింద రెండు దిండ్లు పెట్టుకొని నాకు వీపు చేసి పడుకుంటున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యం మధ్యలో ఆగిపోతున్నాడు, అనకూడనిది ఏదో నోటి దాకా వచ్చినట్టు. మనసు ఇంట్లో లేని మనిషి ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. ఇంకేం ఋజువు కావాలి?

దగ్గు సంగతి నేను పట్టించుకోలేదు. డిసెంబరు చివర మా ఊళ్లో దగ్గని మనిషి ఉండడు. మొదటి కోత మిరపకాయ ప్రతి వాకిట్లోనూ ఎండుతుంటుంది. ఎవరు దగ్గినా "ఘాటు" అంటారు. అంతటితో ఆ దగ్గుకు అర్థం తెలిసిపోయినట్టే.

పిల్లలను అడగవచ్చు. ఆ తలుపు తెరిచే ఉంది. కాని తల్లిదండ్రుల వ్యవహారంలో పిల్లలను సాక్షులుగా నిలబెట్టకూడదని నాకొక నియమం. నా చిన్నతనంలో మా అమ్మ నన్ను అలా నిలబెట్టింది. పైగా స్తుతి సంగతి నాకు తెలుసు. ఏడేళ్ల పిల్ల. తనకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పకుండా ఉండడం మాత్రం వచ్చు.

ఇరవై తొమ్మిదో తేదీ ఉదయం బండి తాళం తీసి కొంగున ముడి వేసుకున్నాను.

"ఏమండీ, ఇవాళ ఎటూ వెళ్లొద్దు."

"ఎందుకని?"

"ఊరికే."

తన మాటే తనకు తిరిగి వచ్చిందని ప్రకాష్‌కు అర్థమైంది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి పేపరు తీసుకున్నాడు.

వరండాలో అత్తగారు గోనె పరుచుకొని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నాలుగేళ్ల ఇమ్మానియేలు, మేమంతా ఇమ్ము అంటాం, ఆమె చుట్టూ నాలుగు కాళ్ల మీద తిరుగుతున్నాడు. పండుగ నాటకంలో వాడు గొర్రెపిల్ల. నాయనమ్మ పత్తి తీతకు వెళ్లిన చేలో నుంచి గుప్పెడు పత్తి తెచ్చి, అట్టకు అంటించి చెవులు చేసింది. నాటకం అయి అయిదు రోజులైనా వాడు ఆ చెవులు తీయలేదు.

"తల దువ్వనీడు, నీళ్లు పోయనీడు. గొర్రెలనైనా ఏడాదికోసారి కడుగుతారు గదరా!"

"మే... మే..."

"ఆఁ, మేతకి మాత్రం ముందుంటావు. చెయ్యి పెట్టబాక, మంట! ఆ చేత్తో కళ్లు నలుపుకున్నావంటే మీ అమ్మ నన్ను ఊళ్లో ఉండనియ్యదు."

మామూలు సెలవు రోజు. బయటి నుంచి చూసేవారికి ఆ ఇంట్లో ఏ లోటూ కనిపించదు. బయటి నుంచి చూస్తున్నట్టే నేనూ చూస్తున్నాను.

మూడు గంటలు కావస్తుంటే ప్రకాష్ గడియారం వంక చూశాడు. తరువాత నా వంక చూశాడు.

"ఒక్క గంట, హెలెన్. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

"పిల్లల్ని తీసుకెళ్తారా?"

"తీసుకెళ్తాను. వాళ్లకీ అలవాటైంది."

"ఏది అలవాటైంది?"

లేచి పెరట్లోకి వెళ్లి, స్తుతి సైకిలు గొలుసు ఊడిపోయి ఉంటే దాని ముందు కూర్చున్నాడు. గొలుసు ఎక్కించడానికి రెండు నిమిషాలు చాలు. అతను కదలలేదు.

అప్పుడు మంచం మీద అతని ఫోను మోగింది.

దగ్గరకు వెళ్లాను. తెర మీద రెండు అక్షరాల పేరు వెలుగుతోంది. నగ్మా.

దాన్ని ఎత్తి ఉండవచ్చు. ఎత్తి ఉంటే ఒక్క నిమిషంలో అంతా తెలిసిపోయేది. ఎందుకు ఎత్తలేదని ఈ రోజు వరకు నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తెలుసుకోవాలని అనుకున్నాను, వినడానికి మాత్రం సిద్ధంగా లేను. కట్ చేశాను. వెంటనే మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాను. ఆ తొందర నాకు మరింత కోపం తెప్పించింది. ఇంటావిడ ఇంట్లో ఉండగానే ఇంత ధైర్యమా? ఫోను స్విచ్ఛాఫ్ చేసి, వంటింట్లోకి వెళ్లి, బియ్యం డబ్బా మూత తీసి, చెయ్యి మణికట్టు దాకా దించి అడుగున పెట్టాను.

తల తిప్పితే గుమ్మంలో స్తుతి.

"బియ్యంలో ఏం పెట్టావమ్మా?"

"ఏమీ లేదు."

స్తుతి ఒకసారి తల ఊపింది. నమ్మినట్టు కాదు, గుర్తుంచుకున్నట్టు.

ఒక అబద్ధం ఆడిన తరువాత నియమాల బరువు తగ్గిపోతుంది. నేను అరలోంచి ఆ డబ్బా తీసి గట్టు మీద పెట్టాను. వెనకాలే గొర్రెపిల్ల కూడా వచ్చింది.

"ఇది ఎవరిది, స్తుతీ?"

స్తుతి పెదవులు బిగించింది. "డాడీ చెప్పొద్దన్నారు. సెలవులయ్యాక ఆయనే చెబుతారంట."

"నగ్మాక్కది!" అన్నాడు ఇమ్ము.

"ఒరేయ్ ఇమ్మూ!"

"నేను చెప్పలా. గొర్రెపిల్ల చెప్పింది."

నేను వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. నా గొంతు నాకే మంచి టీచరు గొంతులా వినిపించింది. "నగ్మాక్క ఎలా ఉంటుంది నాన్నా?"

వాడు ఆలోచించాడు. చెయ్యి పైకెత్తి, తన పత్తి చెవుల మీద నాలుగు వేళ్ల ఎత్తున గాలిలో నిలిపాడు. "ఇంత ఉంటది. ముందు పళ్లు రెండూ లేవు. నవ్వితే గాలొస్తది."

"నాకంటే చిన్నదే," అంది స్తుతి, తమ్ముడు తప్పు చెబుతాడేమోనన్న భయంతో. "ఒకటో తరగతి. వీడికే అక్క."

డబ్బాను వెలుతురు వైపు తిప్పాను. పేరు కింద ఇంకో వరుస ఉంది. పీచుతో తోమి తోమి అరిగిపోయింది. మొదటి పుట్టినరోజు. తేదీ. పిల్ల పుట్టినరోజుకు వచ్చినవారికి పంచిన డబ్బా. మా ఇంట్లోనే స్తుతి పేరుతో అలాంటివి ఇరవై మిగిలి ఉన్నాయి. అయినా మూడు రోజులుగా నేను ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. నేను వెతుకుతున్నది అక్కడ దొరికింది కనుక, కింది వరుస అవసరం లేకపోయింది.

తేలికగా ఊపిరి తీసుకోవలసిన క్షణం అది. తీసుకోలేదు. ఒక స్త్రీ లేకపోతే, మరి రోజూ ఆ ఇంట్లో ఏముంది?

"అక్కడ ఏం చేస్తారు మీరు?"

రహస్యం సగం బయటపడ్డాక స్తుతికి మిగతా సగం మీద అంత పట్టింపు లేకపోయింది. "ఆడుకుంటాం. కరీం బాబాయి దగ్గర బంతుల ఆట ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో మూడు నీలం బంతులుంటాయి. ఒక గొట్టం ఉంటుంది. అది నోట్లో పెట్టుకుంటే బంతులు లేస్తాయి."

"ఊదితేనా?"

"ఊదడం కాదమ్మా, పీల్చాలి. గట్టిగా లోపలికి. నేను రెండు లేపుతాను. నగ్మా కూడా రెండు లేపుతుంది. ఇమ్ము చీటింగ్, డబ్బా వంచుతాడు."

"నేను మూడు లేపుతా!"

"డాడీ?" అన్నాను.

"డాడీ ఒకటే," అంది స్తుతి. ఆటలో వెనకబడినవారి పట్ల పిల్లలు చూపే జాలితో అంది. "అదీ కాసేపే. వణుకుతా ఉంటుంది, పడిపోతుంది. కరీం బాబాయికి ఒక్కటి కూడా లేవదు. అయినా రోజూ పందెం వేస్తాడు."

చివరి చరణం. డాబా మెట్లు. రెండు దిండ్లు. వాక్యం మధ్యలో ఆగడం. అవన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కటీ మారలేదు. నేను పేర్చిన వరుస మాత్రం కూలిపోయింది. ఆ ముక్కలన్నీ తమంత తామే ఇంకో వరుసలో నిలబడ్డాయి. మొదటిది తప్పైతే బాగుండునని ఇన్నాళ్లు ఏడ్చాను. ఇప్పుడు అదే నిజమైతే బాగుండునని అనిపించింది.

పెరట్లోకి వెళ్లి డబ్బాను సైకిలు సీటు మీద పెట్టాను. ప్రకాష్ దాన్ని చూశాడు. నల్లటి గ్రీజు చేతులను గుడ్డకు తుడుచుకోవడం మొదలుపెట్టి, చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"ఎక్స్‌రే ఫిలిం తీసింది అక్టోబరులో. ఇద్దరివీ ఒకే రోజు తీశారు, నాదీ కరీముల్లాదీ. తొమ్మిదేళ్లు ఒకే మిషను మీద చేశాం గదా. ఊపిరితిత్తుల్లో రాతి పొడి అన్నాడు డాక్టరు. వాడిది ముదిరిందన్నాడు. నాది..." అతను ఆగాడు. ఆ ఆగడం ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. ఊపిరి అందే వరకు నేనూ ఆగాను. "నాది త్వరగా చూసుకున్నాం అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెలవులయ్యాక చెబుదామనుకున్నాను. ఈ ఒక్క క్రిస్మస్ పిల్లలకి మామూలుగా జరగనిద్దామని. అమ్మ ఉంది. నాన్నది టీబీ అన్నారు అప్పట్లో. ఆయన చేసింది క్వారీలో. అమ్మ ఇప్పటికీ టీబీ అనే అనుకుంటోంది. నాకూ అదే అని తెలిస్తే, ఆయన పోవడం ఇంకోసారి చూడాలి ఆవిడ."

"మరి పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లారు అక్కడికి?"

"ఊపిరి కోసం డాక్టరిచ్చిన ఆ బంతుల డబ్బా ఇంట్లో పెడితే నువ్వు అడుగుతావు. అక్కడైతే ఇద్దరం కలిసి పీలుస్తాం. పిల్లలు ఎదురుగా ఉంటే కరీముల్లా ఇంకో నాలుగుసార్లు ఎక్కువ ప్రయత్నిస్తాడు. వాళ్ల ముందు ఓడిపోవడం వాడికి ఇష్టం ఉండదు." నవ్వబోయి దగ్గాడు. "వాళ్లావిడ జోహరాబీ కూడా అంది, సాయంత్రం అయ్యాకే కాస్త అన్నం తింటున్నాడన్నా, మీరు వచ్చి వెళ్లాకే అని. మూడింటికల్లా గోడకి దిండు ఆనించుకొని, గుమ్మం వైపు చూస్తా కూర్చుంటాడు."

వంటింటి గడియారంలో నాలుగు దాటి ఉంటుంది. కొంగు ముడిలో తాళం నా నడుముకు గుచ్చుకుంటోంది.

"నేను ఏమనుకున్నానో తెలుసా మీకు?"

"తెలుసు," అన్నాడు ప్రకాష్. "డబ్బాను అరలో ఎదురుగా పెట్టింది నేనే. లోపల దాచలేకనా? ఈ సంగతి ఒక్కణ్ణే మోయలేకపోయాను, హెలెన్. నోటితో చెప్పే ధైర్యం లేదు. నువ్వు అడిగితే చెప్పేద్దామని పెట్టాను. మూడు రోజులు దాన్నే చూశావు. అడగలేదు."

అతని గొంతులో నింద లేదు. ఉంటే నాకు జవాబు దొరికేది. నన్ను మోసం చేస్తున్నాడని నమ్మిన మూడు రోజుల్లో నేను ఎదురుచూసింది అతని తప్పు కోసం. అతను ఎదురుచూసింది నా ప్రశ్న కోసం. ఒకే ఇంట్లో, ఒకే డబ్బా ముందు.

"తాళం ఇవ్వు," అన్నాడు మెల్లగా. "ఇంకా వెలుగుంది. వెళ్లొద్దాం. ఈసారి నువ్వూ రా. నువ్వు ఎన్ని లేపుతావో వాడు చూడాలంటాడు."

ముడి విప్పాను. తాళం అతని చేతిలో పెడుతుండగా, బియ్యం అడుగున ఉన్నది గుర్తొచ్చింది. రెండుసార్లు మోగింది. వెంట వెంటనే మోగింది. ఆ ఇంటి నుంచి, ఒకటో తరగతి పిల్ల పేరుతో మోగింది.

"ఏమండీ," అన్నాను, "ఒక మాట..."

ముందు వాకిట్లో బండి ఆగిన చప్పుడు. తరువాత తెలియని గొంతు. "హెలెన్ టీచర్ గారి ఇల్లు ఇదేనా అండీ?"

"ఇదే. ఎవరు నాయనా?" అంటోంది అత్తగారు.

ఇంట్లోంచి వరండాలోకి వచ్చాం. పాతికేళ్ల మనిషి, చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. చేతిలో నా డబ్బా ఉంది. మూత మీది అక్షరాలను ఇంకోసారి చదువుకొని, నన్ను చూశాడు.

"షానవాజ్ అంటారండీ నన్ను. కరీముల్లా తమ్ముణ్ణి. ఇల్లు తెలీదు. వదిన ఇది చేతికిచ్చి, దీని మీద వీధి రాసుందంది. కాంపౌండ్ చుట్టూ రెండుసార్లు తిరిగాను."

డబ్బా అందుకున్నాను. బరువు లేదు. ఎందుకు తెరిచానో తెలియదు, బహుశా చేతులకు ఏదో ఒక పని కావాలని. లోపల కడిగిన తడి ఇంకా ఆరలేదు. ఒక చుక్క అడుగున జారి ఆగింది. ఇంకేమీ లేదు.

అత్తగారి చేతిలో మిరపకాయ ఉండిపోయింది. తొడిమ తీయలేదు. డబ్బాలోకి ఒకసారి తొంగి చూసి, కొంగు తల మీదికి లాక్కుంది.

ప్రకాష్ ఆమెను చూశాడు. డబ్బాను చూశాడు. తాళం ఉన్న పిడికిలి నెమ్మదిగా కిందికి దిగింది.

"ఎప్పుడు?"

"మూడున్నరకి పోయాడన్నా. మూడింటి నుంచే ఊపిరందక ఎగపోత ఎక్కువైంది. నీ కోసమే అడిగాడు. గుమ్మంలోకే చూస్తున్నాడు. ఒక్కసారి మాట్లాడతాడేమోనని నీకే చేశాం." షానవాజ్ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "రెండుసార్లు మోగిందన్నా. ఎవరో కట్ చేశారు. మూడోసారి స్విచ్ఛాఫ్ వచ్చింది."

ఇమ్ము చెవులు తీసి నాయనమ్మ ఒళ్లో పెట్టాడు. ఎవరూ తీయమనలేదు.

ప్రకాష్ చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. జేబు ఖాళీ. గుమ్మంలోంచి మంచం వైపు చూశాడు. దుప్పటి మీద ఏమీ లేదు. తరువాత నా వైపు తిరిగాడు. ఊపిరి అందే వరకు ఆగి, అప్పుడు అడిగాడు.

"నా ఫోను ఏది, హెలెన్?"

గుమ్మం పక్కన నిలబడి ఉన్న స్తుతి వంటింటి వైపు ఒకసారి చూసింది. తరువాత నా ముఖంలోకి చూసింది. పెదవులు బిగించుకొని నిలబడింది.